వాక్కాయ పోయింది వంటింట్లోంచి కాదు, గట్టు మీంచి

మా పాప పుట్టినరోజు కేకు మీద ఎర్రగా మెరుస్తున్న చెర్రీలు ఎనిమిది ఉన్నాయి. కేకు కోశాక ఒకటి అమ్మ పళ్ళెంలో పడింది. అమ్మకి క్రీము సయించదు. చెర్రీ ఒక్కటే నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలి, నాలుక చివర నుంచి ఏదో తీసి వేలి మీద పెట్టుకుని చూసింది. పలచగా, గోధుమరంగులో ఉన్న చిన్న గింజ.

"ఇది వాక్కాయరా" అంది.

వచ్చినవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆ గింజను దగ్గరగా చూశాక నా నవ్వు ఆగిపోయింది. చెర్రీ లోపల ఉండేది ఒకటే గింజ, గుండ్రంగా రాయిలా ఉంటుంది. ఇలాంటి పలచటి గింజలు నాలుగైదు ఉండేది వాక్కాయలో. గింజలు తీసేటప్పుడు ఎవరి చేతిలోనో ఒకటి తప్పించుకుని, హైదరాబాదులో మా అమ్మ పంటి కిందికి వచ్చి దొరికిపోయింది.

అమ్మ చెప్పింది నిజమే. మన దేశంలో మామూలు బేకరీ కేకుల మీద, బన్నుల్లో, స్వీట్ పాన్ మీద పుల్లకి గుచ్చి ఇచ్చే 'చెర్రీ' చాలాచోట్ల వాక్కాయే. పచ్చికాయని చీల్చి, గింజ తీసి, ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, కడిగి, రంగు పట్టించి, పంచదార పాకంలో మగ్గబెడతారు. అసలు చెర్రీ చెట్టుకి గట్టి చలి తగలాలి. కాశ్మీరులోనూ హిమాచల్ కొండల్లోనూ పండుతుంది. అక్కడి పంటతో ఊరూరా ఉన్న బేకరీల బన్నులన్నిటికీ చెర్రీలు పెట్టడం అయ్యే పని కాదు. (ఆ ఎర్రదనానికి వాడే రంగుల్లో ఎరిత్రోసిన్ ఒకటి. తినే వస్తువుల్లో దాన్ని వాడటానికి ఇచ్చిన అనుమతిని అమెరికా 2025 జనవరిలో రద్దు చేసింది. తయారీదారులకు 2027 జనవరి దాకా గడువిచ్చింది. మనం ఇంకా పాప కేకు మీద పెట్టుకుంటున్నాం, అది వేరే సంగతి.)

మోసం, మోసం అని గోల చేయడానికి నేను ఇది రాయడం లేదు. వాక్కాయని పాకంలో వేస్తే తప్పేమీ లేదు, బాగానే ఉంటుంది. నా బాధ వేరు. అద్దంకి వైపు మా మెట్టపొలం చుట్టూ తాతల నాటి వాక్కాయ దడి ఉండేది. దాన్ని మేమే కొట్టించాం. డబ్బులిచ్చి, జేసీబీ పెట్టించి, వేర్లతో సహా పెళ్ళగించి, సిమెంటు స్తంభాలు పాతించి ముళ్ళతీగ లాగించాం. ఇప్పుడు అదే కాయని రంగేసి, పేరు మార్చి, కేకు మీద పెట్టి అమ్మితే కొనుక్కుంటున్నాం.

అప్పుడు బావ, నేను కలిసే నిర్ణయం తీసుకున్నాం కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేను. నాన్న పోయిన మరుసటి ఏడాది అది. దడి అక్కడక్కడా ఎనిమిది అడుగుల వెడల్పున పెరిగిపోయింది. ట్రాక్టరు తిరగడానికి అడ్డం. టైరు రెండుసార్లు పంక్చరు. పక్క పొలం ఆయన "మీ కంప నా చేలోకి వస్తోంది, సర్వేయరుని పిలిపిస్తా" అని రోజూ పంచాయితీ. ఫెన్సింగ్ అయితే గీత గీసినట్టు ఉంటుంది, ఎవరి హద్దు వాళ్ళకి తెలుస్తుంది అనుకున్నాం. అది గీత గీసినట్టే ఉంది కూడా, ఒక ఐదారేళ్ళు. తర్వాత తీగ తుప్పు పట్టింది. రోడ్డు వైపు ఒక రాత్రి మూడు వరసలు ఎవరో కత్తిరించి చుట్ట చుట్టుకుపోయారు. నా ఎరుకలో వాక్కాయ దడిని ఎత్తుకుపోయిన దొంగ లేడు.

అన్నిటికన్నా నాకు ఆలస్యంగా అర్థమైంది ఇంకోటి ఉంది. దడి పోయిన ఏడాది నుంచి మా ఇంట్లో వాక్కాయ పప్పు లేదు. అమ్మ మానేయలేదు, మాకు విసుగూ పుట్టలేదు. కాయ లేదు, అంతే. అంతకుముందు తొలకరి పడ్డాక అక్క ఒక గిన్నె పట్టుకుని గట్టు మీదకి వెళ్ళి పావుగంటలో నింపుకొచ్చేది. తర్వాత ఒంగోలు వెళ్ళినప్పుడు మార్కెట్లో ఎవరైనా గంపలో పెట్టుకుని కూర్చుంటే, దొరికితే, కొనాలి. దొరికినప్పుడు కూడా "ఇంత పెట్టి కొనాలా, చింతపండు లేదా ఇంట్లో" అని అమ్మే వెనక్కి తగ్గేది. గట్టు మీద ఊరికే వచ్చినదాన్ని డబ్బు పెట్టి కొనడానికి ఆ తరానికి చేతులు రావు.

మన పాత వంటలు ఎందుకు పోతున్నాయి అని ఎవరు మాట్లాడినా ఒకటే మాట: ఈ కాలం పిల్లలకి రుచులు తెలియవు, పిజ్జాలు మరిగారు. నాకు ఈ మాట మీద నమ్మకం లేదు. వాక్కాయ విషయంలో అయితే అసలు లేదు. అది ఎప్పుడూ పంట కాదు. ఎకరాల్లో వేసింది కాదు, నీళ్ళు పెట్టింది కాదు, ఎరువేసింది కాదు. మేకలు రాకుండా పెంచిన ముళ్ళపొదకి కాసిన కాయ. కంచె పని ఇనుప తీగకి అప్పగించిన రోజునే కాయ కూడా పోయింది. కాబట్టి దాన్ని వెనక్కి తేవాలంటే వంటల వీడియోలు చాలవు. మళ్ళీ దానికి పాత ఉద్యోగం ఇవ్వాలి.

ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. వాక్కాయ ఏడాది పొడుగునా పచ్చగా ఉండే గుబురు పొద. వదిలేస్తే పది పదిహేను అడుగులు లేస్తుంది. ఆకు దళసరిగా, నున్నగా ఉంటుంది. ముల్లు మామూలు ముల్లు కాదు. జంటలు జంటలుగా, ఒక్కోటి అంగుళం పైన, కొన్నిచోట్ల కొసన రెండుగా చీలి ఉంటుంది. గుచ్చుకుంటే ఆ రోజంతా సలుపు. ఎక్కడ తుంచినా పాలు కారతాయి, ఎందుకంటే ఇది గన్నేరు కుటుంబం. మన ఇళ్ళముందు పెంచుకునే నందివర్ధనం, బీళ్ళలో పెరిగే జిల్లేడు, విషమని పిల్లల్ని దూరంగా ఉంచే పచ్చగన్నేరు, అన్నీ దీని చుట్టాలే. ఆ బంధువర్గంలో పుట్టి పప్పులో పడగలిగింది ఇదొక్కటే అని అమ్మ అంటుంది. (ఒక్కటే కాదు గానీ, అమ్మతో వాదించను.) మాఘమాసం దాటాక కొమ్మల చివర తెల్లటి పూలు గుత్తులుగా వస్తాయి. చిన్న మల్లెపూలలా ఉంటాయి, వాసనా అలాగే ఉంటుంది. వానలు మొదలయ్యే వేళకి కాయలు. లేతప్పుడు పచ్చగా, తర్వాత ఒక చెంప గులాబీరంగు తిరిగి, పండితే నల్లటి ఊదా. పప్పుకీ పచ్చడికీ ఆ చెంప ఎర్రబడిన గట్టి కాయే కావాలి. నల్లగా పండింది పిల్లల సొత్తు.

తెలంగాణలోనూ రాయలసీమ అడవుల్లోనూ కలివికాయ అనో కలేపండు అనో తినేది దీని చెల్లెలు. అది వేరే జాతి, కాయ చిన్నది, ఎవరూ నాటరు. దాని పేరు చెప్పగానే కడప గుర్తొస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో జెర్డన్ అనే డాక్టరు పేరుతో పుస్తకాలకెక్కిన ఒక పక్షి, 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ముళ్ళపొదల్లో మళ్ళీ కనిపించింది. ప్రపంచమంతా జెర్డన్స్ కోర్సర్ అనే ఆ పిట్టని అక్కడివాళ్ళు అనేది కలివికోడి అని. కలివి, రేగు, తుమ్మ పొదల మధ్య తిరిగే కోడి. మనం రికార్డుల్లో బంజరు అనీ, మాటల్లో పనికిరాని కంప అనీ తీసిపారేసే నేల అది. దాని కోసం ఆ అడవిని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం చేయాల్సివచ్చింది. ముళ్ళపొదకి మన దగ్గర మర్యాద దక్కాలంటే అందులో ఏదో ఒక అపురూపమైన పిట్ట ఉండాలన్నమాట. మా గట్టు మీద ఉన్నవి పిచ్చుకలూ, బెళవాయిలూ, ఒక ముంగిస. వాటికి అంత పలుకుబడి లేదు.

సరే, పులుపు దగ్గరికి వద్దాం. తెలుగు వంటకి పులుపు అంటే ఇప్పుడు పన్నెండు నెలలూ చింతపండే. కానీ అమ్మ చిన్నప్పుడు అలా కాదట. ఉగాదికి పచ్చిమామిడి. ఎండల్లో చింతచిగురు. మామిడి అయిపోయి వానలు పడగానే వాక్కాయ. కార్తీకానికి ఉసిరి. చలికాలం దబ్బకాయ, నిమ్మ. మధ్యలో గోంగూర ఎటూ ఉండనే ఉంది. పాత చింతపండు నల్లబడి, ధర ఎక్కి, కుండ అడుగు కనిపించే రోజుల్లోనే వాక్కాయ వస్తుంది. ఎవరో లెక్క వేసి పెట్టినట్టు ఉంటుంది గానీ, లెక్క వేసిందేమీ కాదు. ఏ నెలలో చేతికి ఏది అందితే అది పప్పులో పడింది.

అమ్మ పప్పు చేసే పద్ధతి చెప్తాను, ఎందుకంటే యూట్యూబులో చాలామంది తప్పు చేస్తున్నారు. కాయల్నీ కందిపప్పునీ కలిపి కుక్కర్లో పడేస్తున్నారు. పులుపు తగిలితే పప్పు సరిగ్గా ఉడకదు, పలుకుపలుకుగా మిగులుతుంది. కందిపప్పు విడిగా మెత్తగా ఉడకాలి. కాయని నిలువునా రెండు చెక్కలు చేసి, కత్తి మొనతో గింజలు తీసేయాలి. దానికి ముందు వేళ్ళకి కాస్త నూనె రాసుకోవాలి, లేకపోతే పాలు జిగురై గోళ్ళ చుట్టూ నల్లగా పడుతుంది. తుంచిన కాయల్ని ఉప్పునీళ్ళలో వేసి ఉంచితే సగం పాలు అక్కడే పోతాయి. గ్లాసు పప్పుకి ఇరవై కాయల లోపు చాలు, ఎక్కువైతే పళ్ళు పులిసిపోతాయి. చెక్కల్ని పచ్చిమిరపకాయలతో, పసుపుతో కొద్ది నీళ్ళలో మగ్గనిచ్చి, మెత్తబడ్డాక పప్పులో కలిపి ఒక పొంగు రానివ్వాలి. పోపులో వెల్లుల్లి తప్పనిసరి, ఇంగువ ఇష్టం. చింతపండు పులుపు పప్పంతా ఒకటే తీరుగా పరుచుకుని ఉంటుంది. వాక్కాయ పులుపు అలా కాదు. ముద్దలో చెక్క తగిలినప్పుడు ఒక్కసారి ఝమ్మంటుంది, తర్వాతి ముద్ద కమ్మగా ఉంటుంది.

పచ్చికొబ్బరితో రోటిపచ్చడి, ఆవపిండితో నిల్వపచ్చడి, పులిహోర, ఎండురొయ్యల కూర, ఇవన్నీ ఉన్నాయి. ఎవరింటి పద్ధతి వాళ్ళది. జామ్ చేసేవాళ్ళకి ఒక లాభం: పచ్చి వాక్కాయలో పెక్టిన్ ఎక్కువ. చిక్కబడటానికి పైనుంచి ఏ పొడీ కలపక్కర్లేదు.

ఇక్కడిదాకా చదివిన కొందరు మిత్రులు ఏమంటారో నాకు తెలుసు. ఇంత గొప్ప కాయ అయితే తోటలుగా వేయమని రైతులకి చెప్పవచ్చు కదా? చెప్తున్నారు. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ అని మూడు రకాలు ఇచ్చింది. మహారాష్ట్రలోని దాపోలి వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ రకం కొంకణ్ బోల్డ్. కాయ పెద్దది, కాపు ఎక్కువ. వాటి మీద నాకు వ్యతిరేకత లేదు. కానీ మా అద్దంకి రైతుకి "ఎకరంలో వాక్కాయ తోట వెయ్యి" అని చెప్పే ధైర్యం నాకు లేదు. కోత చూసినవాడెవడూ చెప్పడు. ముళ్ళ మధ్య చెయ్యి పెట్టి, ఒక్కొక్క కాయా తుంచాలి. కూలీలు ఒకరోజు వస్తే రెండో రోజు రారు, వచ్చినా రేటు పెంచమంటారు, వాళ్ళది న్యాయమే. అమ్మకం ఉండేది రెండు మూడు నెలలు. ఆ కాస్త కాలంలో ఎవరూ కొనకపోతే కాయ కుళ్ళుతుంది. పెద్ద ఎత్తున కొనేది పాకంపట్టి చెర్రీ చేసే వ్యాపారులు. అంటే మళ్ళీ రంగు నీళ్ళలోకే.

రెండో బృందం ఆరోగ్య ప్రచారకులు. వాక్కాయలో ఇనుము ఇంత ఉంది, రక్తహీనత ఎగిరిపోతుంది అని వాట్సాప్‌లో ఒక పోస్టు తిరుగుతూ ఉంటుంది. అందులో అంకె ఎండబెట్టిన కాయది. ఎండితే నీరు పోయి అన్నీ చిక్కబడతాయి, ద్రాక్షకీ కిస్‌మిస్‌కీ ఉన్న తేడా అది. మనం పప్పులో వేసుకునేది పదిహేను ఇరవై పచ్చికాయలు, అది నలుగురు తినేది. దాంతో రక్తం పట్టదు. నోటికి రుచి పడుతుంది, అది చాలదా? తినే ప్రతిదానికీ మందు బిళ్ళలా సర్టిఫికెట్ అడగడం నాకు చిరాకు. అలా మందు పేరుతో పైకి లేపిన కాయలు రెండేళ్ళు సూపర్ మార్కెట్లో మెరిసి మాయమవడం మనం చూస్తూనే ఉన్నాం.

తోట వద్దు, మందు వద్దు. కంచె కావాలి. కంచెగా అయితే దానికి నేల ఖర్చు లేదు, ఎందుకంటే గట్టు మీద మనం ఇంకేదీ పండించం. కాయ వస్తే వచ్చింది, కోసే ఓపిక లేకపోతే పిట్టలకి పోయింది, నష్టం లేదు. ఏ ఏడాదైనా ధర బాగుంటే గంప అమ్ముకోవచ్చు. అప్పుడు కూడా అసలు పంట అది కాదు కనక టెన్షన్ లేదు.

కంచెగా ఇది పనిచేస్తుందా అనేవాళ్ళకి చెప్పడానికి ఒక కథ ఉంది. మనకి గర్వకారణమైన కథ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్‌వాళ్ళు ఉప్పు మీద పన్ను వసూలు చేయడానికి దేశాన్ని అడ్డంగా చీలుస్తూ ఒక కస్టమ్స్ గీత గీశారు. 1869 నాటికి అది సింధు నది నుంచి ఒడిశాలో మహానది దాకా సుమారు 2,300 మైళ్ళు. పన్ను కట్టని చౌక ఉప్పు దొంగతనంగా లోపలికి రాకుండా దాని వెంట వందల మైళ్ళ పొడవున ముళ్ళకంచె పెంచారు. రేగు, తుమ్మ, నాగజెముడు, వాటితో పాటు వాక్కాయ. బాగా పెరిగినచోట పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తు. ముందు ఎండుకంపతో కట్టేవారు. దాన్ని బతికున్న కంచెగా మార్చాలని పట్టుబట్టిన అధికారి అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. అవును, 1885లో కాంగ్రెస్ పెట్టిన హ్యూమే. 1867 నుంచి 1870 దాకా ఆ శాఖకి కమిషనరు ఆయనే. 1879లో ఆ గీత ఎత్తేశారు, కంచె ఎండిపోయింది, జనం మరిచిపోయారు. వాక్కాయ ఊరగాయకి ఉప్పే ప్రాణం. ఆ ఉప్పుని జనానికి అందకుండా వాక్కాయ చేతే కాపలా కాయించారు. ఈ మాట చెప్తే అమ్మ, "ముల్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వింటుంది" అని పప్పు గరిటె తిప్పుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ కథలో నా వాదనకి అనుకూలంగా లేని భాగం కూడా ఉంది. ఆ కంచెకి కాపలా ఉన్నది పన్నెండు వేల మంది. చెదలు, ఎలుకలు, మంటలు, గాలివానలు, మిడతలు ఏదో ఒకచోట దాన్ని తింటూనే ఉండేవి, వాళ్ళు పూడుస్తూనే ఉండేవారు. బతికున్న కంచె వేసి మరిచిపోయేది కాదు. మా తాతల దడి అంత బాగా ఉందంటే ఏటా వానలకి ముందు ఎవరో ఒకరు కొడవలి పట్టుకుని దాని చుట్టూ తిరిగారు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు మొదలై తిరగడం మానేశాకే అది ఎనిమిది అడుగులు పెరిగింది. తప్పు మొక్కది కాదు, మాది. ఇది ఒప్పుకోకుండా "వాక్కాయ నాటండి, ఫెన్సింగ్ ఖర్చు తప్పించుకోండి" అనేవాళ్ళని నమ్మకండి.

నాలుగేళ్ళ కిందట మళ్ళీ మొదలుపెట్టాం. లెక్క చూడండి. ఎకరం చతురస్రంగా ఉందనుకుంటే చుట్టుకొలత దాదాపు 835 అడుగులు. రెండడుగులకి ఒక మొక్క అంటే నాలుగు వందల పైచిలుకు. నర్సరీలో అన్ని దొరకలేదు. గింజ నుంచి పెంచాం, అది తేలికే. నల్లగా పండిన కాయల్ని పిసికి, గుజ్జు కడిగి, నీడన ఒకరోజు ఆరనిచ్చి వెంటనే కవర్లలో పెట్టేయాలి. దాచుకున్న గింజ మొలవదు. మొదటి ఏడాది నేను ఆ తప్పే చేశాను. డబ్బాలో పోసి, వచ్చే సీజనుకి పెడదామని హైదరాబాదు తెచ్చుకున్నాను. రెండు వందల గింజల్లో మొలిచినవి ఐదు. మరుసటి ఏడాది ఆగస్టులో కోసినవి కోసినట్టే పెడితే మూడు వారాలకల్లా కవర్లన్నీ పచ్చబడ్డాయి. ఆ మొక్కల్ని పై ఏడాది తొలకరికి గట్టు మీద నాటాం.

చిన్న మొక్కకి ముల్లు మెత్తగా ఉంటుంది, మేకకి అది ముల్లే కాదు. అందుకని మొదటి రెండేళ్ళు బయటివైపు తుమ్మకంప అడ్డం పెట్టాం, రెండు వేసవులు బిందెలతో నీళ్ళు పోశాం. ఆ తర్వాత అడగలేదు. అన్నిటికన్నా కష్టమైన పని ఒకటుంది, చేత్తో కాదు, మనసుతో. మొక్క అడుగున్నర ఎత్తు వచ్చి, చూడముచ్చటగా లేస్తున్నప్పుడు తల నరికేయాలి. అక్కకి చేతులు రాలేదు. "పెరిగేదాన్ని ఎందుకురా చంపుతావు" అని తూర్పు వైపు వరస వదిలేయించింది. ఇప్పుడు చూస్తే, తల తుంచిన మిగతా వైపులా నేల నుంచి గుబురు కట్టింది. తూర్పు వైపు మాత్రం పైన గొడుగు, కింద ఖాళీ. కుక్కలూ పందిపిల్లలూ అందులోంచే దర్జాగా వస్తున్నాయి. కాయలు మాత్రం తూర్పు వైపే ఎక్కువ. పూత కొమ్మల చివర వస్తుంది కాబట్టి, కత్తిరించేకొద్దీ కంచె గట్టిపడుతుంది, కాయ తగ్గుతుంది. ఈ రెండింటిలో ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. మేం తేల్చుకోలేదు. లోపలివైపు కొమ్మలు వదిలి, బయటివైపు గట్టిగా కత్తిరిస్తున్నాం. అది రాజీ.

బావ ఇప్పటికీ పూర్తిగా నా వైపు రాలేదు. ఆయన వాదన తీసిపారేసేది కాదు. "బామ్మర్దీ, నువ్వు హైదరాబాదులో కూర్చుని మొక్కలు నాటమంటావు. నాలుగేళ్ళు ఎవరు కాచారు? నేను, మీ అక్క. తీగ అయితే నాలుగు రోజుల పని. పైగా పందులు గుంపుగా వస్తే నీ వాక్కాయ ఆపుతుందా?"

"ఆపదు బావా, పెద్ద పంది తలపెట్టి తోస్తే ఏదీ ఆపదు. మీ తీగ ఆపిందా?"

"కరెంటు పెడితే ఆపుద్ది" అన్నాడొకసారి, కోపంలో. ఆ మాట అక్క పడనివ్వలేదు. పందుల కోసం లాగిన కరెంటు తీగ తగిలి పొద్దున్నే నీళ్ళు కట్టడానికి పోయిన మనిషి పోవడం రెండు రాష్ట్రాల్లోనూ పేపర్లో తరచూ వచ్చే వార్తే. కొన్నిసార్లు పోయేది తీగ లాగినవాడే. వాక్కాయ ముల్లు గుచ్చుకుంటే ఒకపూట బూతులు తిట్టుకుంటాం, సున్నం రాసుకుంటాం. అంతకన్నా ఏమీ కాదు.

పక్క పొలం ఆయనది ఇంకో తీరు. ఈసారి ఆయన్ని ముందే పిలిచి, హద్దురాయి దగ్గర నిలబెట్టి, మా వైపు మూడడుగులు లోపలికి జరిగి నాటాం. మూడడుగుల నేల పోయిందని బావ గొణిగాడు. సర్వేయరు చుట్టూ తిరిగే ఖర్చుతో పోలిస్తే అది చవకే అని నా లెక్క. ఇప్పుడు ఆయన వైపు వేలాడే కాయలు ఆయనే కోసుకుంటున్నాడు. అడగడు, మేమూ అనం. మొన్న మాత్రం "మీ దడి వల్ల నా చేలో నీడ పడి రెండు సాళ్ళు కంది గిడసబారింది" అన్నాడు. ఎత్తు ఐదడుగులకి మించనివ్వం అని మాటిచ్చాం. జూన్‌లో కత్తిరించాలి. అప్పటికి నాకు సెలవు దొరుకుతుందో లేదో.

చివరికి ఇంట్లో కుదిరిన ఒప్పందం ఇది. రోడ్డు వైపు, ట్రాక్టరు వచ్చే గేటు దగ్గర తీగే ఉంటుంది. మిగిలిన మూడు వైపులా వాక్కాయ. తూర్పు వైపు గొడుగుల్ని ఈ ఏడాది కాపు అయిపోయాక మోకాలెత్తుకి కొట్టేయాలి, అక్క కూడా సరేనంది, "ఈ ఒక్క ఏడాది కాయ కోసుకోనీ" అని. పాత ఫెన్సింగ్ తీసేసినచోట మిగిలిన సిమెంటు స్తంభాలు ఇరవై దాకా వేపచెట్టుకి అవతల ఎండలో పేర్చి ఉన్నాయి. పోయిన వారం ఫోటో పంపింది అక్క. వాటి మీద పాత పంచె పరిచి, అమ్మ వాక్కాయ చెక్కలు ఎండబెడుతోంది. వానాకాలం ఎండని నమ్మడానికి లేదు, అందుకే పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.